చెవులు రెండు, పెట్టెలు ఆరు

మనిషికి చెవులు రెండే. వాని నడుమ దూరము జానెడైనను లేదు. అయినను వీధిలో పోవు బండి ఏ దిక్కున పోవుచున్నదో కన్నులు మూసుకొని చెప్పగలము. కుడివైపున పుట్టిన ధ్వని కుడిచెవికి ముందుగా చేరును. ఎడమచెవికి చేరునప్పటికి సెకనులో వెయ్యవ వంతుకు లోపుగా ఆలస్యమగును. తల అడ్డమగుటచే కొంత సన్నగిల్లును గూడ. ఇంత స్వల్పమైన భేదము మెదడునకు చాలును. మంద్రస్వరముల విషయములో కాలభేదము, తారస్వరముల విషయములో బలభేదము మనకు దిక్కు తెలుపునని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు లార్డ్ రాలీ 1907లో విశదపరచెను.

ఇప్పుడు ఇంటికి హోం థియేటరు కొనదలచి దుకాణమునకు పోయిన గృహస్థునకు 2.1, 5.1, 7.1, 5.1.2 అను అంకెలు ఎదురగును. అంకె పెరిగినకొలది ధర పెరుగును. ధర పెరిగినకొలది అమ్మువాని ఉత్సాహము పెరుగును. చెవులు రెండే అయినప్పుడు పెట్టెలు ఆరు, ఎనిమిది ఎందుకు? అన్నియు కావలసినవేనా? ఉన్న డబ్బుతో ముందు కొనవలసినది ఏది? ఈ ప్రశ్నలకు సమాధానము ధరల పట్టికలో దొరకదు. ఒక్కొక్క పెట్టె ఇంటిలోనికి ఎందుకు వచ్చినదో తెలిసినచో దొరకును. అందుకు నూటనలువది యేండ్లు వెనుకకు పోవలెను.

1881లో పారిస్ నగరమున అంతర్జాతీయ విద్యుత్ ప్రదర్శనము జరిగెను. క్లెమాన్ అదేర్ అను ఇంజనీరు అచ్చటి ఆపెరా రంగస్థలపు అంచున టెలిఫోను ట్రాన్స్‌మిటర్లను వరుసగా అమర్చి, తీగెల మూలమున ప్రదర్శనశాలకు కలిపెను. శ్రోత రెండు రిసీవర్లను రెండు చెవులకు ఆనించుకొని వినవలెను. ఒక చెవికి రంగస్థలపు ఎడమవైపు ధ్వని, రెండవ చెవికి కుడివైపు ధ్వని. గాయకుడు వేదికపై ఇటు నుండి అటు నడచినప్పుడు ఎక్కడనో కూర్చుండి వినువారికి ఆ నడక తెలిసెను. రేడియో పుట్టుటకు ముందే జరిగిన సంగతి ఇది. జనులు దీనిని ఒక విద్యుద్వినోదముగా చూచి సంతోషించి ఊరకుండిరి.

ఆ తరువాత అర్ధశతాబ్దము పాటు వచ్చిన ధ్వనియంత్రములన్నియు దాదాపుగా ఒంటిచెవి యంత్రములే. గ్రామఫోను, రేడియో, 1927 తరువాత మాటలు నేర్చిన సినిమా, అన్నింటికిని శబ్దమార్గము ఒక్కటే. మా వృత్తిలో ఈ ఒంటిచెవి విద్యయే ఒక కళగా పెరిగినది. రేడియో నాటకములో నటుడు మైక్రోఫోను నుండి వెనుకకు జరిగినచో శ్రోతకు దూరము తెలియును. తలుపు కిఱ్ఱుమన్నచో గది తెలియును. కాని ఒక్క పెట్టెతో దూరమును చూపవచ్చునే గాని దిక్కును చూపలేము. నాయిక ఎడమవైపు నుండి వచ్చినను, కుడివైపు నుండి వచ్చినను ఆ పెట్టెలో నుండియే రావలెను.

ఈ లోపము సినిమాహాలులో మరింత కొట్టవచ్చినట్లు తెలియును. 1931లో లండనులో ఆలన్ బ్లమ్లీన్ అను యువ ఇంజనీరు భార్యతో సినిమాకు పోయి, నటుడు తెరపై ఒక కొస నుండి రెండవ కొసకు పోవుచున్నను మాట మాత్రము కదలకుండుట గమనించి, దీనిని సరిచేయు ఉపాయము తన యొద్ద కలదనెనని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. ఆ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన ఆయన పేటెంటుకు దరఖాస్తు చేసెను. 1933లో అది మంజూరైనది. రెండు మైక్రోఫోనులను ఎట్లు నిలుపవలెనో, రెండు శబ్దములను గ్రామఫోను రికార్డులోని ఒకే గాడికి గల రెండు గోడలపై ఎట్లు చెక్కవలెనో, రెండు పెట్టెల నడుమ ఏమియు లేని చోట గాయకుని ఎట్లు నిలువబెట్టవలెనో, అంతయు అందులో ఉన్నది. 1934 జనవరిలో ఆబీ రోడ్డు స్టూడియోలో సర్ థామస్ బీచమ్ నడిపిన వాద్యబృందమును ఈ పద్ధతిని రికార్డు చేసిరి. 1935లో హేస్ స్టేషనులో రైళ్లు వచ్చిపోవుటను రెండు మార్గముల శబ్దముతో చిత్రించిరి. పని అంతటితో నిలిచిపోయెను. బ్లమ్లీను 1942 జూను 7న రాడారు పరీక్ష నిమిత్తము విమానములో పోవుచుండగా అది కూలి మరణించెను. అప్పటికి ఆయనకు ముప్పదియెనిమిదేండ్లు. ఆయన చెప్పిన గాడియే 1958లో స్టీరియో రికార్డుగా బజారులోనికి వచ్చినది.

అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు ఇదే సమస్యను మరియొక వైపు నుండి పట్టుకొనిరి. హార్వీ ఫ్లెచర్ నాయకత్వమున, 1933 ఏప్రిల్ 27న, ఫిలడెల్ఫియాలో వాద్యబృందము వాయించుచుండగా ఆ ధ్వనిని మూడు మైక్రోఫోనులతో గ్రహించి, టెలిఫోను తీగెలపై వాషింగ్టనుకు పంపి, అచ్చటి కాన్‌స్టిట్యూషన్ హాలులో ఎడమ, నడుమ, కుడి అను మూడు చోట్ల ఉంచిన పెట్టెల ద్వారా వినిపించిరి. ఆ బృందమునకు ప్రధాన సంచాలకుడైన లియోపోల్డ్ స్టొకోవ్‌స్కీ వాషింగ్టనులో మీటల ముందు కూర్చుండెను. ఫిలడెల్ఫియాలో వాద్యములను నడిపినది ఆయన సహచరుడు. వేదిక వెడల్పున తెర పరచినట్లు లెక్కలేనన్ని మైక్రోఫోనులు, అన్నియే పెట్టెలు ఉన్నచో ధ్వని యథాతథముగా రాగలదని సిద్ధాంతము. అది జరుగు పని కాదు గనుక, ఎంతకు తగ్గించవచ్చునో పరిశీలించి, పెద్ద సభకు రెండింటికన్న మూడు మేలని వారు నిశ్చయించిరి.

రెండు ఎందుకు చాలవు? కొనవలసిన పెట్టెల వరుసలో మొదటి నిర్ణయము ఇచ్చటనే ఉన్నది గనుక ఈ ప్రశ్న వద్ద కొంత ఆగుదము. రెండు పెట్టెల నుండి ఒకే మాట ఒకే బలముతో వచ్చినచో, సరిగా నడుమ కూర్చున్న వానికి ఆ మాట ఎదుటనున్న శూన్యము నుండి వచ్చినట్లు తోచును. ఇది చెవికి కలుగు భ్రాంతి. వినువాడు రెండడుగులు ఎడమకు జరిగినచో ఎడమ పెట్టె శబ్దము ముందుగా చేరును. మాట వెంటనే ఆ పెట్టెలోనికి దుముకును. ముందు చేరిన ధ్వని ఏ దిక్కు నుండి వచ్చినదో ఆ దిక్కునే చెవి నమ్మునని, కొన్ని మిల్లీసెకనులు వెనుకబడి వచ్చినది అంతే బలముగలదైనను దిక్కు చెప్పు విషయములో చెవి దానిని లెక్కచేయదని హెల్ముట్ హాస్ 1949లో గేటింగెన్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన పరిశోధనలో నిరూపించెను. కావున రెండు పెట్టెల స్టీరియో ఒక్క ఆసనమునకు న్యాయము చేయును. సభకు న్యాయము చేయవలెనన్నచో నడుమ నిజమైన పెట్టె ఒకటి ఉండి తీరవలెను.

సినిమావారు ఈ సంగతిని త్వరగా గ్రహించిరి. 1940 నవంబరు 13న న్యూయార్కులో ప్రదర్శించిన వాల్ట్ డిస్నీగారి ఫాంటేషియా చిత్రమునకు అదే స్టొకోవ్‌స్కీ సంగీతము నడిపెను. శబ్దమును వేరొక ఫిల్ముపై మూడు మార్గములుగా ముద్రించి, హెచ్చుతగ్గులను నడిపించు సంకేతములకు నాలుగవ మార్గము నుంచిరి. ఖర్చు మిక్కుటమగుటచే ఆ ఏర్పాటు కొలది నగరములను మించి పోలేదు. యుద్ధానంతరము ప్రేక్షకులు టెలివిజను ముందు కూలబడుచుండగా వారిని మరల హాలునకు రప్పించుటకై తెర వెడల్పయినది. తెరతో పాటు శబ్దమును వెడల్పయినది. 1952 సెప్టెంబరు 30న వచ్చిన సినిరామాలో ఏడు మార్గములు: అయిదు తెర వెనుక, మిగిలినవి హాలులో. 1953లో సినిమాస్కోపుతో వచ్చిన ది రోబ్ చిత్రములో నాలుగు: మూడు తెర వెనుక, ఒకటి ప్రేక్షకుల చుట్టు. ఈ నాలుగవ దారిలో బుసబుస ఎక్కువగా ఉండెడిది. అందుచే, అవసరమైనప్పుడు మాత్రమే ఒక సంకేతస్వరముతో ఆ పెట్టెలను మేల్కొలిపి, తక్కిన సమయమున నిద్రపుచ్చెడివారు. 1955లో టాడ్-ఏ.ఓ. పద్ధతిలో ఆరు మార్గములు: అయిదు ముందు, ఒకటి వెనుక. తెలుగువారికి 70 మిల్లీమీటర్ల చిత్రము, స్టీరియో శబ్దము సొంతమైనది 1986లో కృష్ణ దర్శకత్వమున వచ్చిన సింహాసనముతో. ఈ పంపకములన్నింటిలో ఒక పోలిక కలదు. డబ్బునకు వెనుదీయని నిర్మాతలు గూడ ముందుకు మూడో అయిదో ఇచ్చి, వెనుకకు ఒకటో రెండో ఇచ్చిరి. ప్రేక్షకుని ముఖము తెరవైపు ఉండుననుట వారు మరువలేదు.

ఇంటిలోని కథ వేరు. స్టీరియో రికార్డులు వచ్చిన 1958లోనే బి.బి.సి. వారు శనివారము ఉదయములందు కొన్ని విచిత్రమైన ప్రసారములు చేసిరి. ఒక వైపు శబ్దము రేడియోలో, రెండవ వైపు శబ్దము టెలివిజనులో. శ్రోత తన రేడియోను, టెలివిజనును గదిలో కొన్ని అడుగుల ఎడముగా జరిపి, రెండింటికి సమదూరమున కూర్చుండవలెను. చిల్లిగవ్వ ఖర్చు లేకుండ ఇంటిలోని సామానుతోనే స్టీరియో! రేడియో పెట్టెకును టెలివిజను పెట్టెకును గొంతు కలియదనుట నిజమే. అయినను ఈ ప్రయోగము తలచుకొన్నప్పుడెల్ల మా వృత్తివారికి ముచ్చట కలుగక మానదు. 1961లో అమెరికాలో ఒకే ఎఫ్.ఎం. ప్రసారములో రెండు శబ్దములను పంపు పద్ధతి అమలులోనికి వచ్చుటతో ఆ సామాను జరుపుకొను అవసరము తీరెను. అయితే ఇల్లు రెండు పెట్టెల వద్ద ఆగిపోయినది. గాడికి గోడలు రెండే గదా!

ఆ రెండు గోడలపై నాలుగు శబ్దములను ఎక్కించవలెనను తలంపే 1970లలో క్వాడ్రఫొనీ అను సంరంభమునకు మూలము. గది నాలుగు మూలల నాలుగు పెట్టెలు ఉంచి, నడుమ శ్రోతను కూర్చుండబెట్టవలెనని ఊహ. అమెరికాలో సి.బి.ఎస్. వారు ఎస్.క్యూ. అను పద్ధతిని, జపానులో సాన్సుయీవారు క్యూ.ఎస్. అను పద్ధతిని, జె.వి.సి. వారు సి.డి.-4 అను పద్ధతిని ఒకదాని వెంట ఒకటిగా తెచ్చిరి. మొదటి రెండును నాలుగు శబ్దములను రెండుగా కలిపి గాడిలో వ్రాసి, వాయించునప్పుడు మరల విడదీయునవి. కలిపినది పూర్తిగా విడివడదు. ముందరి గాయకుడు వెనుక మూలలో గూడ పలుకును. మూడవది నాలుగింటిని విడిగానే ఉంచునదైనను, చెవికి వినబడని అతితారస్థాయిలో అదనపు సమాచారమును మోయును గనుక దానికి ప్రత్యేకమైన సూది కావలెను. రికార్డు అరిగినకొలది ఆ సమాచారము చెడును. ఒకరి రికార్డు మరియొకరి యంత్రములో సరిగా పలుకదు. ఏది నిలుచునో తెలియక గృహస్థులు కొందరు ఒకటి కొనిరి, అనేకులు ఏదియు కొనక వేచిరి. ఆ దశాబ్దము ముగియులోగా మూడును బజారునుండి మాయమయ్యెను. కొన్నవారి ఇండ్లలో రెండు పెట్టెలు మూలలయందు మూగవై మిగిలెను.

పోటీయే చంపినదని సాధారణముగా చెప్పుదురు. మా అభిప్రాయమున పద్ధతి ఒక్కటే ఉన్నను అది నిలుచుట కష్టమే. చెవి అన్ని దిక్కులను సమానముగా పట్టించుకొనదు. ఎదుటనున్న రెండు పెట్టెల నడుమ భ్రాంతిగాయకుని నిలుపవచ్చును గాని, ఎడమవైపున ముందొకటి వెనుకొకటి ఉన్న పెట్టెల నడుమ అతడు నిలువడు; ముందుకో వెనుకకో జారిపోవును. పైగా నాలుగు మూలల ఏర్పాటులో ముందరి పెట్టెలు రెండును మరీ ఎడమై, వాని నడుమ గొయ్యి ఏర్పడును. ఆ గొయ్యి పూడ్చు నడిమి పెట్టెకు చోటు లేదు. నలభై యేండ్ల క్రిందటి బెల్ ప్రయోగశాలవారి మూడవ పెట్టెను మరచి, వెనుకకు రెండు పెట్టెలు చేర్చిరి.

అయినను ఆ విద్య వ్యర్థము కాలేదు. నాలుగింటిని రెండింటిలో ఇమిడ్చు గణితమును డాల్బీవారు 1970ల నడుమ సినిమాకు తీసికొనిరి. ఫిల్ము అంచున సన్నని రెండు కాంతిరేఖల శబ్దమార్గములు. వానిలో నాలుగు శబ్దములు. ఇప్పుడు నాలుగు మూలలు కావు: ఎడమ, నడుమ, కుడి, చుట్టు. రెండు రేఖలలోను సమానముగా ఒకే నడకతో ఉన్న ధ్వని నడిమి పెట్టెకు పోవును. ఒక రేఖ ముందుకు తోయునప్పుడు రెండవది వెనుకకు లాగునట్లు ఎదురెదురుగా ఉన్న ధ్వని హాలు గోడలపై పెట్టెలకు పోవును. 1977లో స్టార్ వార్స్ ఈ శబ్దముతో దేశదేశముల చూపబడినది. ఆ చిత్రములు వీడియో కాసెట్లపైకి ఎక్కినప్పుడు ఆ నాలుగు శబ్దములును ఆ రెండు మార్గములలో దాగియే ఇంటికి వచ్చెను. వానిని వెలికితీయు యంత్రములు 1982 నుండి అమ్మిరి. నడిమి పెట్టెను గూడ పలికించు ప్రోలాజిక్ 1987లో వచ్చెను. క్వాడ్రఫొనీ ఇంటి ముందు వాకిట ఓడిపోయి, సినిమాహాలు చుట్టు తిరిగి, దొడ్డిత్రోవను లోనికి వచ్చినదన్నమాట.

1979లో అపోకలిప్స్ నౌ చిత్రపు 70 మిల్లీమీటర్ల ప్రతులలో వెనుక శబ్దమును ఎడమ, కుడి అని రెండుగా చీల్చిరి. హెలికాప్టరు ప్రేక్షకుల చుట్టు తిరిగినది. ముందు మూడు, వెనుక రెండు, ఉరుముల వంటి మంద్రధ్వనికి ఒకటి. ఇదియే 5.1. ఆ చివరి మార్గము దాదాపు 120 హెర్ట్జుల వరకే పలుకును గనుక దానిని పూర్తి మార్గముగా లెక్కించక చుక్క తరువాత ఒకటి వేసిరి. నిజముగా లెక్కించినచో అది పదవ వంతు గూడ కాదు. 1992లో బాట్‌మన్ రిటర్న్స్ చిత్రముతో ఇది డిజిటల్ రూపమున ఫిల్ముపైకి ఎక్కెను. 1996 నుండి డి.వి.డి.లపై ఇండ్లకు చేరెను. 1992లోనే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘము పెట్టెల స్థానములను సిఫారసు చేసినది: నడిమిది సరిగా ఎదుట, ఎడమ కుడి పెట్టెలు దానికి ఇరుప్రక్కల 30 డిగ్రీల కోణమున, చుట్టు పెట్టెలు 100 నుండి 120 డిగ్రీల నడుమ, అనగా చెవులకు ప్రక్కగా, ఒకింత వెనుకగా. క్వాడ్రఫొనీవారు చెప్పిన గది వెనుక మూలలు కావు.

ఇక కొనుట సంగతి. సోఫా నుండి ఎడమ కుడి పెట్టెలు ఒక్కొక్కటి ఎనిమిదడుగుల దూరమున ఉన్నచో ఆ రెండింటి నడుమ గూడ ఎనిమిదడుగులు ఉండవలెనని 30 డిగ్రీల లెక్క చెప్పును. అనగా మూడు భుజములు సమానమైన త్రిభుజము. ఒంటరిగా పాటలు వినువానికి ఈ రెండు పెట్టెలు, మంచివైనచో, చాలును. కాని మన ఇండ్లలో సినిమా చూచువారు ఒక్కరు కారు. నడిమి ఆసనము ఒక్కరిది. అమ్మమ్మగారు ప్రక్క కుర్చీలోను, పిల్లలు క్రింద చాపపైనను ఉందురు. మాటలు తెలియక శబ్దము పెంచుట, అంతలో పోరాట దృశ్యము వచ్చి ఇల్లదరుట, ఎవరో కసరగా మరల తగ్గించుట ఎరుగని ఇల్లు లేదు. ఇందులో వయస్సు తప్పు కొంతయే. సినిమాలోని సంభాషణ అధికభాగము నడిమి మార్గములో ఉండును. నడిమి పెట్టె ఉన్నచో దానినొక్కదానిని కొంచెము పెంచి, తక్కినవానిని ఉన్నచోటనే ఉంచవచ్చును. కావున డబ్బు పరిమితమైనచో, ఆరు నాసి పెట్టెలకన్న ముందువైపు మూడు మంచి పెట్టెలు ముందు కొని, చుట్టు పెట్టెలను తరువాత చేర్చుట మేలు. ఆ మూడును ఒకే తయారీవి, ఒకే వరుసవి కావలెను. లేనిచో ఒకే నటుడు నడచుచు గొంతు మార్చును. ఆంప్లిఫయరు మాత్రము మొదటనే అయిదు మార్గములది తీసికొన్నచో రెండవసారి ఖర్చు తప్పును. పి.ఎం.పి.ఓ. అని వేలకు వేలు వాట్లు అచ్చువేసిన అట్టపెట్టెలను చూచి మురియరాదు. ఆర్.ఎం.ఎస్. అను లెక్క ఎంతయో అడుగవలెను.

వెనుక గోడకు ఆనించి సోఫా వేసిన హాలులో 7.1 కొనుట వృథా. అదనపు రెండు పెట్టెలు తల వెనుక కొంత దూరమున ఉండవలసినవి. గోడలో ఉంచలేము గదా. గోడ మందముగా మంద్రధ్వనులను ఉబ్బించును గనుక సోఫాను రెండు మూడడుగులు ముందుకు జరిపినచో, ఖర్చు లేకయే 5.1 మెరుగుపడును. నున్నని గచ్చు, వట్టి గోడలు గల గదిలో ప్రతిధ్వని సంభాషణను మింగివేయును. తివాచీ గాని, జంపఖానా గాని పరచి, కిటికీలకు బరువైన పరదాలు వ్రేలాడదీసిన తరువాత విని, అప్పుడు పెట్టెల సంగతి ఆలోచింపవలెను. ఒకే పొడుగాటి సౌండ్‌బారుతో చుట్టు శబ్దము వచ్చునని చెప్పుదురు. అది చాలవరకు ప్రక్కగోడలకు ధ్వనిని కొట్టి తిప్పి పంపుటపై ఆధారపడును. ఒకవైపు భోజనాల గదిలోనికి తెరచియున్న హాలులో ఆ వైపున తిరిగి వచ్చునది ఏమియు ఉండదు. 2012లో డాల్బీ అట్మాస్‌తో వచ్చిన పైకప్పు పెట్టెలకును ఇదే నియమము: 5.1.2లో చివరి రెండు నిజముగా పైన బిగించినవైనచో మంచిదే. పైకి చూచుచు పలికి కప్పునుండి ప్రతిఫలించునవైనచో సమతలమైన స్లాబు కావలెను, పెంకుటింటి వాలుకప్పు పనికిరాదు.

సబ్‌వూఫరు ఒక్కటి మాత్రము ఎక్కడ ఉన్నను చెవి దాని దిక్కు పట్టలేదు. 80 హెర్ట్జులకు దిగువ ధ్వని ఎక్కడిదో చెప్పుట కష్టము. అయినను చోటును బట్టి దాని బలము ఎంతయో మారును. మూలలో ఉంచినచో ఎక్కువ పలుకును, ఒక్కొక్కప్పుడు క్రింది వాటావారికి గూడ పలుకును. దానికి చోటు వెదకుటకు ఇంజనీర్లు చేయు పని ఒకటి కలదు. పెట్టెను తాము కూర్చుండు సోఫాపై ఉంచి, మంద్రస్వరములు గల పాట పెట్టి, గది చుట్టు మోకాళ్లపై ప్రాకుచు వినవలెను. ఎచ్చట ధ్వని ఉబ్బక, సన్నగిల్లక, ప్రతి స్వరము విడివిడిగా వినబడునో అచ్చట పెట్టెను దింపవలెను. పిల్లలను ముందుగా గది బయటకు పంపుట మంచిది, వారును వెంట ప్రాకుదురు.